పని నేర్పే బాధ్యత ఎవరిది?

(స్మారకోపన్యాస పాఠం)



ఫిట్టింగ్ ఇన్‌స్ట్రక్టరుగా ఉద్యోగ జీవితమంతా గడిపిన ఒక ఉపాధ్యాయుడి పేరిట స్మారకోపన్యాసం జరగడం మన దగ్గర అరుదు. కవుల పేరిట, రాజకీయ నాయకుల పేరిట, విశ్వవిద్యాలయ ఆచార్యుల పేరిట సభలు జరుగుతూనే ఉంటాయి. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి, ఆకురాయి పట్టి, మట్టం సరిచూసుకోవడం నేర్పిన మనిషిని కూడా ఆ వరసలో నిలబెట్టాలని ఆయన శిష్యులు తలచారు. ఆ తలంపు పట్ల గౌరవంతోనే ఈ వేదిక మీదికి వచ్చాను.

మాస్టారి జీవితం గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. నేను ఆయన చేసిన పని గురించి మాట్లాడతాను. వృత్తి విద్యకూ ఉపాధి అవసరాలకూ పొత్తు ఎలా కుదురుతుంది? ఈ ప్రశ్నకు డెబ్బై ఏళ్లుగా మనం ఎక్కువగా అంకెల్లోనే జవాబు వెతికాం. ఎంతమంది ఫిట్టర్లు కావాలి, ఎంతమంది వెల్డర్లు కావాలి, అందుకు ఎన్ని సీట్లు పెట్టాలి అని లెక్కలు వేస్తూ వచ్చాం. పనివాడు కావలసినవారు పని నేర్పడంలో తమ వంతు తలకెత్తుకున్న చోటనే ఆ పొత్తు కుదిరిందనీ, వారు పక్కకు తప్పుకున్న చోట ఎంత ఖర్చు పెట్టినా కుదరలేదనీ ఈ ఉపన్యాసంలో చెప్పదలిచాను.

పారిశ్రామిక శిక్షణ సంస్థల, అంటే ఐ.టి.ఐ.ల, పుట్టుక నుంచే మొదలుపెడదాం. రెండో ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు ఆయుధ కర్మాగారాలకు, సైనిక వర్క్‌షాపులకు చేతిపని తెలిసినవాళ్లు చాలలేదు. 1940లో నాటి ప్రభుత్వం యుద్ధ సాంకేతిక శిక్షణ పథకాన్ని ప్రారంభించింది. బ్రిటన్ కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పేరిట నడిచిన పథకం కింద కొందరు భారతీయ యువకులు అక్కడి ఫ్యాక్టరీలకు వెళ్లి పని నేర్చుకుని వచ్చారు. యుద్ధం ముగిసే వేళకు సమస్య తిరగబడింది. సైన్యం నుంచి తిరిగివస్తున్న లక్షలాది మందికి పౌర జీవితంలో ఉపాధి చూపాలి. 1945లో పునరావాస, ఉపాధి డైరెక్టరేటు ఏర్పడింది. ఉపాధి కల్పనా కార్యాలయాలు దాని వెంట వచ్చాయి. దేశ విభజన తరువాత నిర్వాసితులు అవే తలుపులు తట్టారు. 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం ఈ నేపథ్యంలోంచి వచ్చింది. ఐ.టి.ఐ.లకు అదే పునాది. 1956లో వాటి నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. సిలబస్‌కు, పరీక్షకు, సర్టిఫికెట్‌కు జాతీయ మండలి ఏర్పాటైంది.

తొలి తరం ఐ.టి.ఐ. చదువుకు ఊళ్లో ఎంత విలువ ఉండేదో ఇక్కడి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఫిట్టర్ సర్టిఫికెట్ చేతికొస్తే ఇంట్లో ధైర్యం వచ్చేది. నాటి పాఠ్యప్రణాళికలో గొప్పతనం వల్ల ఆ విలువ వచ్చిందని నేను అనుకోను. ఆనాడు శిక్షణ ఇచ్చేదీ ప్రభుత్వమే, ఉద్యోగం ఇచ్చేదీ చాలావరకు ప్రభుత్వమే. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డు ఉండేది. 1960లలో హైదరాబాదు చుట్టూ రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్., హెచ్.ఎం.టి., హెచ్.ఎ.ఎల్., ఐ.డి.పి.ఎల్., ఇ.సి.ఐ.ఎల్. ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రైల్వే వర్క్‌షాపులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఈ సంస్థల్లో చాలావాటికి సొంత శిక్షణ విభాగాలు ఉండేవి. ఐ.టి.ఐ.లో రెండేళ్లు చదివిన కుర్రాడిని అప్రెంటిస్‌గా తీసుకుని, తమ యంత్రాల మీద, తమ కొలతలకు తగినట్టు వారే తీర్చిదిద్దుకునేవారు. బడి సగం నేర్పితే మిగతా సగం కర్మాగారం నేర్పింది. ఆ రెండో సగాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఐ.టి.ఐ. చదువు బాగుందనో పాడైందనో అనడం న్యాయం కాదు.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఈ అలవాటును ప్రైవేటు పరిశ్రమలకు కూడా వర్తింపజేయాలని చూసింది. నిర్దేశించిన ట్రేడ్లలో ఇంతమంది అప్రెంటిస్‌లను తీసుకోవాలని, వారికి స్టైపెండ్ ఇవ్వాలని, పని నేర్పాలని చెప్పింది. అప్రెంటిస్‌ను కార్మికుడిగా కాకుండా శిక్షణార్థిగా గుర్తించింది. ఈ ఒక్క గుర్తింపు రెండు వైపులా పదునైంది. మంచి యజమాని దగ్గర అది నేర్చుకునే హక్కు అయింది. కొన్నిచోట్ల మాత్రం తక్కువ జీతానికి ఏడాది పాటు దొరికే మనిషి అన్న అర్థానికి దిగజారింది. లేత్ దగ్గర ఉండవలసినవాడిని సరుకు మోయడానికి పంపిన చోట శిక్షణ అన్న మాట కాగితం మీదనే మిగిలింది. ఉల్లంఘనకు చట్టంలో జైలు శిక్ష ఉండేది. 2014 సవరణ దాన్ని తొలగించి, కొత్త ట్రేడ్లను పరిశ్రమలే ఎంచుకునే వెసులుబాటు ఇచ్చింది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు పైగా పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. దిశ మంచిదే. అప్రెంటిస్‌కు నిజంగా నేర్పే మేస్త్రీ ఎవరు, నేర్పిన సమయానికి ఆ మేస్త్రీకి ఏమిస్తారు అన్న ప్రశ్నలు మాత్రం ఇంకా జవాబు లేకుండానే ఉన్నాయి.

ఇక అంకెల సంగతి. ప్రణాళికా యుగంలో మానవ వనరుల అంచనా ఒక శాస్త్రంగా ఎదిగింది. 1962లో అందుకోసం ఢిల్లీలో ప్రత్యేక పరిశోధన సంస్థ వెలిసింది. ఉక్కు ఇంత ఉత్పత్తి అవుతుంది, అందుకు ఇంజనీర్లు ఇంతమంది, డిప్లొమావాళ్లు ఇంతమంది, చేతిపనివాళ్లు ఇంతమంది అని ముందుగా లెక్కగట్టి, ఆ మేరకు సీట్లు పెంచారు. 1960ల నడుమ కరవు, పెట్టుబడుల మందగమనం కలిసి వచ్చాయి. చదివినవాళ్లు చేతికొచ్చేసరికి పనులు కరువయ్యాయి. 1968లో సాంకేతిక విద్యలో సీట్లను ప్రభుత్వమే కుదించవలసి వచ్చింది. ఆ లెక్కలు వేసినవాళ్లు సమర్థులు. వారిని తప్పుపట్టను. వానలను, ధరలను, విదేశీ మారకాన్ని, కొత్త యంత్రాలను కలిపి ఐదేళ్ల ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

మన కాలంలోనే ఒక ఉదాహరణ ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో కార్లు బయటికి వచ్చాయి. ఐ.టి.ఐ.లో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్లకు పట్టే కాలం రెండేళ్లు. అంటే ఒప్పందం వార్త పత్రికలో చదివిన రోజునే ఒక విద్యార్థి చేరినా, కర్మాగారం తలుపులు తెరిచేనాటికి అతని చదువు అప్పుడే పూర్తవుతుంది. అక్కడి రోబోల గురించి, కన్వేయర్ల గురించి సిలబస్‌లో అప్పటికి ఉండే అవకాశం తక్కువ. ఏ జిల్లాలో ఏ కర్మాగారం వస్తుందో ముందే తెలుసుకుని ట్రేడ్లు పెట్టాలన్న సూచన వినడానికి బాగుంటుంది. కాలం దానికి సహకరించదు. పునాది నైపుణ్యం బడిలో, యంత్రానికి తగిన నైపుణ్యం కర్మాగారంలో నేర్పడం తప్ప దారి లేదు.

లక్ష్యాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ మాధ్యమిక విద్యలో వృత్తి కోర్సులకు పెద్ద పీట వేయమంది. 1986 జాతీయ విద్యావిధానం ఇంటర్ స్థాయి విద్యార్థుల్లో 10 శాతం 1990 నాటికి, 25 శాతం 1995 నాటికి వృత్తి కోర్సుల్లో ఉండాలని గడువు పెట్టింది. ఆ గడువులు నెరవేరలేదు. 2009లో జాతీయ నైపుణ్య విధానం 2022 నాటికి 50 కోట్ల మందికి శిక్షణ అంది. 2015లో ఆ సంఖ్య 40 కోట్లయింది. అదే ఏడాది ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలైంది. సంఖ్య కోసం పరుగెత్తితే శిక్షణ కాలం కుదించుకుపోతుంది. కొన్ని వారాల, కొన్ని నెలల కోర్సులు పెరుగుతాయి. 2016లో ఏర్పాటైన శారదా ప్రసాద్ కమిటీ ఈ సంగతిని నిర్మొహమాటంగా చెప్పింది. పరిశ్రమలకు నిజంగా ఏం కావాలో చూడకుండా లక్ష్యాలు పెట్టారని విమర్శించింది. నాకు తెలిసిన ప్రభుత్వ నివేదికల్లో ఇంత ముక్కుసూటిగా రాసినవి తక్కువ. దానికి దక్కవలసినంత చర్చ దక్కలేదు.

2020 జాతీయ విద్యావిధానం మరొక పోలిక తెచ్చింది. 19-24 ఏళ్ల భారతీయ శ్రామికుల్లో లాంఛనంగా వృత్తి శిక్షణ పొందినవారు 5 శాతం కంటే తక్కువ, జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం అని పేర్కొంది. ఈ అంకెలను మనం సభల్లో తరచు వింటున్నాం. వీటిని చూసి సిగ్గుపడటం కంటే అర్థం చేసుకోవడం మేలు. మన దగ్గర పని నేర్చుకున్నవారు కోట్లలో ఉన్నారు. వారు నేర్చుకున్నది కాగితం ఇచ్చే చోట కాదు, అంతే.

జర్మనీ మాట వచ్చింది కనుక కొంచెం ఆగుదాం. అక్కడి పద్ధతిని మన ప్రతినిధి బృందాలు చూసివచ్చిన ప్రతిసారీ ఇక్కడ ఒక కొత్త పథకం పుడుతుంది. ఆ పద్ధతి మూలాలు మధ్యయుగపు వృత్తిసంఘాల్లో ఉన్నాయి. 1897 చట్టం అప్రెంటిస్‌షిప్ పర్యవేక్షణను చేతివృత్తుల మండళ్లకు అప్పగించింది. మ్యూనిక్‌లో జార్జ్ కెర్షెన్‌స్టైనర్ 1900 ప్రాంతంలో పనిచేసే కుర్రవాళ్ల కోసం వృత్తుల వారీగా కొనసాగింపు బడులు తీర్చిదిద్దాడు. 1969లో పశ్చిమ జర్మనీ అంతటికీ ఒక వృత్తి శిక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు అక్కడ 320కి పైగా గుర్తింపు పొందిన వృత్తులు ఉన్నాయి. శిక్షణార్థి వారంలో మూడు నాలుగు రోజులు సంస్థలో, ఒకటి రెండు రోజులు బడిలో గడుపుతాడు. పరీక్షలు చాంబర్లు నిర్వహిస్తాయి. పాఠ్యాంశాల నిర్ణయంలో యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు సమాన హోదాలో కూర్చుంటాయి.

ఇదంతా ఒక్కసారిగా ఎత్తుకొచ్చి మన నేల మీద నాటలేం. మన దగ్గర అలాంటి చాంబర్లు లేవు, కార్మిక సంఘాలకు ఆ పీట లేదు, పనుల్లో ఎక్కువ భాగం లెక్కల్లోకి రాని రంగంలో ఉంది. అయినా అందులోంచి ఒక సంగతి గ్రహించవచ్చు. అక్కడ విద్యార్థి ముందు సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంటాడు, ఆ తరువాత బడిలో చేరతాడు. మన దగ్గర ముందు సీటు, ఆ తరువాత రెండేళ్లు, ఆ తరువాత ఉద్యోగ మేళా. సంస్థ ఎన్ని ఒప్పందాలు ఇస్తే అన్ని సీట్లు నిండుతాయి కనుక అక్కడ విడిగా జోస్యం చెప్పవలసిన అవసరం తక్కువ. అక్కడ కూడా ఒప్పందం దొరకని పిల్లలు మిగులుతారు. ఆ లోపాన్ని వారు దాచుకోరు.

యజమానులు ఎందుకు నేర్పరు? లోభం అని సరిపెట్టుకోవడం తేలిక. అసలు కారణం వేరే ఉంది. ఒక చిన్న ఫౌండ్రీ యజమాని రెండేళ్లు కష్టపడి వెల్డరును తయారుచేస్తే, నెలకు రెండువేలు ఎక్కువిచ్చి పక్క షెడ్డువాడు తీసుకుపోతాడు. నేర్పినవాడికి నష్టం, నేర్పనివాడికి లాభం. అర్థశాస్త్రవేత్త గారీ బెకర్ 1964లో ఈ చిక్కును సిద్ధాంతంగా వివరించాడు. ఎక్కడైనా పనికొచ్చే నైపుణ్యానికి ఒక సంస్థ తన జేబులోంచి ఖర్చు పెట్టదని చెప్పాడు. అదే ఏడాది బ్రిటన్ పారిశ్రామిక శిక్షణ చట్టం తెచ్చి, రంగాల వారీగా అన్ని సంస్థల నుంచి రుసుము వసూలు చేసి, నేర్పినవారికి తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసింది. మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 1998లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ, అందరూ న్యాక్ అని పిలిచే సంస్థ, ప్రభుత్వమూ కాంట్రాక్టర్లూ కలిసి నడిపే ఉద్దేశంతో పుట్టింది. ప్రభుత్వ పనుల ఎస్టిమేట్లలో న్యాక్ పేరిట చిన్న వాటా ఉంటుంది. తాపీపని, వడ్రంగం, ప్లంబింగ్, రాడ్ బెండింగ్ నేర్చుకునే కుర్రాడి ఖర్చులో రంగమంతా ఎంతో కొంత పాలు పంచుకోవడం అందులోని మంచి ఆలోచన. ఇతర రంగాలకు దాన్ని విస్తరించడానికి మనం ఎందుకు వెనకాడామో నాకు అర్థం కాదు.

యాజమాన్యమే నేర్పి తీరాలన్న నియమం మన నేల మీద అమలైన చోటు మరొకటి ఉంది. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం శిక్షణ పొందని మనిషిని గనిలో పనికి దింపకూడదు. సింగరేణి బొగ్గు గనుల ప్రాంతాల్లో వి.టి.సి. (వృత్తి శిక్షణ కేంద్రం) అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొత్తగా చేరినవాడు ముందు అక్కడికి వెళ్లాలి, గాలి ఎలా ఆడుతుందో, పైకప్పు ఎలా పలుకుతుందో, దీపం ఎందుకు ఆరుతుందో తెలుసుకోవాలి, ఆ తరువాతే గనిలోకి. పని మారితే మళ్లీ శిక్షణ. గనిలో తెలియక చేసిన తప్పుకు ప్రాణం మూల్యం గనుక అక్కడ ఎవరూ ఖర్చు గురించి వాదించలేకపోయారు. ఎత్తైన భవనం మీద పరంజా కట్టేవాడి ప్రాణం, రసాయన కర్మాగారంలో రియాక్టరు దగ్గర నిలబడేవాడి ప్రాణం అంతకంటే చవక ఎలా అయ్యాయి? విశాఖ, అచ్యుతాపురం, పటాన్‌చెరు, పాశమైలారం పేర్లు ప్రమాదాల వార్తల్లో విన్నప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే ముందుకొస్తుంది. కాంట్రాక్టరు తెచ్చిన మనిషికి నేర్పవలసిన బాధ్యత కాంట్రాక్టరుదా, కంపెనీదా అని ప్రమాదం జరిగిన తరువాత తేల్చుకోవడం నాగరికత కాదు.

ఇంతవరకు యజమానుల వైపు చూశాం. నేర్చుకునే పిల్లల వైపు, వారి తల్లిదండ్రుల వైపు చూడకపోతే ఈ మాట సగంలో ఆగిపోతుంది. వృత్తి విద్య అంటే మన సమాజానికి ఒక భయం ఉంది. ఆ భయానికి కారణం ఉంది. వందల ఏళ్లు మన దేశంలో పని పుట్టుకతో వచ్చింది. కమ్మరి కొడుకు కొలిమి దగ్గర, కుమ్మరి కొడుకు సారె దగ్గర, చర్మకారుని కొడుకు లందె దగ్గర పెరిగారు. నైపుణ్యం అపారంగా పెరిగింది, తప్పుకునే దారి మాత్రం లేదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక బడుల్లో చదువు సమయాన్ని తగ్గించి, మిగతా సమయంలో పిల్లలు ఇంటి వృత్తిని నేర్చుకోవాలని పథకం తెచ్చింది. కులవృత్తి చదువన్న పేరు దానికి స్థిరపడింది. తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి కాగానే దాన్ని ఉపసంహరించారు. ఆనాడు వ్యతిరేకించినవారు సరిగ్గా ఆలోచించారని నా నమ్మకం. పనికి తగిన శిక్షణ వేరు, పుట్టుకకు తగిన శిక్షణ వేరు. ఈ రెంటి మధ్య గీత చెరిగిపోయే చోట వృత్తి విద్యను నమ్మమని పేదవాడిని అడిగే హక్కు మనకు లేదు.

సమాజ శాస్త్రవేత్త ఫిలిప్ ఫోస్టర్ 1965లో ఘనా దేశం గురించి రాసిన వ్యాసం ఇక్కడ గుర్తుచేయాలి. పిల్లలకు వ్యవసాయం, చేతిపనులు నేర్పితే వారు వాటిలోనే స్థిరపడతారని వలస పాలకులు అనుకున్నారు. అక్కడి కుటుంబాలు మాత్రం మామూలు చదువునే కోరుకున్నాయి. జీతం, గౌరవం గుమాస్తా ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ కోరిక హేతుబద్ధమైనదేనని ఫోస్టర్ చూపించాడు. మన ఊళ్లోనూ అంతే. పిల్లవాడు బి.టెక్. అంటున్నాడని తండ్రిని నిందించడానికి ముందు, పదేళ్ల అనుభవం ఉన్న ఫిట్టరుకు మనం ఇచ్చే జీతం చూడాలి. ఐ.టి.ఐ. చదివినవాడు డిప్లొమాలోకి, డిప్లొమా చదివినవాడు ఇ.సెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకి వెళ్లే దారి మనకు ఉంది. ఈ మెట్లు ఉన్నాయని పదో తరగతి పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, చెప్పేవాళ్లు తక్కువ. ఆడపిల్లలను కుట్టుపనికీ, కంప్యూటర్ ఆపరేటరు ట్రేడుకూ మాత్రమే పంపుతున్నంతకాలం ఐ.టి.ఐ.ల్లో యంత్రాలుండే సగం వారికి మూసినట్టే. శ్రీసిటీలో సెల్‌ఫోన్లు బిగిస్తున్న పనివారిలో అత్యధికులు మహిళలు. వారి వేళ్ల నేర్పును కంపెనీలు గుర్తించాయి. అయితే ఒకే స్క్రూను ఒకే చోట రోజంతా బిగించడం నేర్పి దాన్ని నైపుణ్యం అంటే, ఆ లైను మూతపడిన నాడు ఆ అమ్మాయి చేతిలో ఏమీ మిగలదు. యజమాని అవసరానికి మరీ బిగుతుగా కుదిర్చిన శిక్షణలో ఈ ప్రమాదం ఉంది. అందుకే విశాలమైన పునాది వేయవలసిన పని ప్రభుత్వ సంస్థలదేననీ, దాన్ని పూర్తిగా కంపెనీలకు అప్పగించరాదనీ అంటాను.

బడులకు బయట ఉన్న అతిపెద్ద బడిని కూడా చూడాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టడం, ఇంజను విప్పి బిగించడం, స్ప్రింగు కట్టలు మార్చడం ఏ సర్టిఫికెట్టూ లేనివారు ఏ సర్టిఫికెట్టూ లేనివారికి దశాబ్దాలుగా నేర్పుతున్నారు. పానాలు అందించడంతో మొదలై, శబ్దం విని లోపం చెప్పగలగడం దాకా సాగే చదువు అది. అక్కడ నేర్పేవాడికీ పనిచ్చేవాడికీ తేడా లేదు. కనుక శిక్షణకూ అవసరానికీ మధ్య ఎడం కూడా లేదు. లోటు ఇంకో చోట ఉంది. బి.ఎస్.-6 ఇంజన్లు, సెన్సర్లు, బ్యాటరీ వాహనాలు వచ్చాక మేస్త్రీకి తెలిసింది చాలడం లేదు, తెలుసుకునే చోటు అతనికి లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారి కథలో మరో లోటు కనబడుతుంది. ఏళ్ల తరబడి తాపీపని చేసినవాడు చూపడానికి కాగితం లేక హెల్పరుగా విమానం ఎక్కుతాడు. అదే పనికి ట్రేడ్ టెస్ట్ నెగ్గిన పక్కవాడి జీతం వేరుగా ఉంటుంది. చేతిలో ఉన్న విద్యను పరీక్షించి గుర్తించే ఏర్పాటు ఇప్పుడు ఉంది గాని, చాలాసార్లు అది ఒకటి రెండు రోజుల తంతుగా ముగుస్తోంది. ఆ కాగితాన్ని దుబాయిలోని ఇంజనీరు నమ్మాలంటే ఆ పరీక్ష కఠినంగా ఉండాలి.

తెలంగాణలో 2024లో 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని మొదలైంది. అంచనా వ్యయం 2,324 కోట్ల రూపాయలు. కొత్త యంత్రాలు రావడం శుభవార్త. దశాబ్దాల నాటి లేత్‌ల మీద నేర్చుకున్నవారిని సి.ఎన్.సి. యంత్రం ముందు నిలబెట్టి తడబడుతున్నారని నిందించాం. ఆ నింద ఇకనైనా తగ్గుతుంది. అయితే యంత్రం తనంతట తాను నేర్పదు. ఇన్‌స్ట్రక్టరు పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటం, అతిథి అధ్యాపకులతో నెట్టుకురావడం, ఉన్నవారికి కర్మాగారం గడప తొక్కే అవకాశం లేకపోవడం ఇలాగే కొనసాగితే కొత్త యంత్రాల మీద కూడా కవర్లు కప్పే ఉంటాయి. ప్రతి ఇన్‌స్ట్రక్టరూ నాలుగైదేళ్లకొకసారి కొన్ని నెలలు పూర్తి జీతంతో పరిశ్రమలో పనిచేసి రావాలని, అలాగే పరిశ్రమలోని అనుభవజ్ఞులైన కార్మికులు, డిగ్రీ లేకపోయినా, ఐ.టి.ఐ.లో వారానికి ఒకరోజు నేర్పే వీలుండాలని నేను గట్టిగా కోరుతున్నాను. సేవా నిబంధనలు ఇందుకు అడ్డమైతే మార్చవలసినవి ఆ నిబంధనలే.

చిన్న పరిశ్రమల విషయంలో ఒక ఆచరణీయమైన పని ఉంది. పదిమంది పనిచేసే షెడ్డు ఒంటరిగా అప్రెంటిస్‌కు అన్నీ నేర్పలేదు. ఆటోనగర్‌లోగాని, హైదరాబాదు బాలానగర్‌లోగాని పాతిక షెడ్లు కలిసి ఒక సంఘంగా ఏర్పడితే, ఒక కుర్రాడు ఆరు నెలలు ఒకచోట మిల్లింగ్, ఆరు నెలలు మరోచోట గ్రైండింగ్, వారంలో ఒకరోజు దగ్గరి ఐ.టి.ఐ.లో డ్రాయింగ్, లెక్కలు నేర్చుకోవచ్చు. స్టైపెండ్‌లో ఒక భాగాన్ని కేంద్రం భరించే పథకం 2016 నుంచే ఉంది. మిగతాది షెడ్లు పంచుకోవాలి. నేర్పే మేస్త్రీకి నెలకు కొంత బోధనా భత్యం, మూడేళ్లు నేర్పినవాడికి ఇన్‌స్ట్రక్టరుగా గుర్తింపు ఇవ్వాలి. శిక్షణ ముగిసే రోజున ఆ కుర్రాడికి రావలసిన కనీస వేతనం ఎంతో ఒప్పందంలోనే ముందుగా రాసి ఉండాలి. ఏ జిల్లాలో ఎంతమందికి ఇలాంటి ఒప్పందాలు దొరికాయో, ఎంతమంది నడుమ మానేశారో, ఏడాది తరువాత ఎంత జీతానికి పనిచేస్తున్నారో జిల్లా కలెక్టరు సమీక్షలో ప్రతి మూడు నెలలకూ చెప్పాలి. నైపుణ్య శాఖ ఇప్పుడు ప్రకటిస్తున్న శిక్షణార్థుల సంఖ్య స్థానంలో ఈ మూడు వివరాలు రావాలని ఈ సభ తరఫున ప్రభుత్వాలకు విన్నపం పంపవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను.